క్లాసుకు ముందు ఇన్సెంటివ్ షీటు తీయండి

ప్రశ్న: ఒక టెలికాం కంపెనీ తరఫున నడిచే కాల్ సెంటర్‌లో నేను టీమ్ లీడర్‌ని. నా కింద 18 మంది ఉన్నారు. పోయిన నెల క్వాలిటీ వాళ్లు కాల్స్ వింటుంటే మా టీమ్‌లో ఒకబ్బాయి దొరికాడు. కస్టమర్ వద్దన్నా, కొన్నిసార్లు అసలు అడగకుండానే, వాళ్ల నంబర్ల మీద డబ్బు కట్టే సర్వీసులు యాక్టివేట్ చేశాడు. మొత్తం 41 నంబర్లు. నెమ్మదస్తుడు, పనిమంతుడు. ఎందుకిలా చేశావంటే "టార్గెట్ కోసం మేడమ్, అందరూ చేసేదే కదా" అన్నాడు. అతన్ని సస్పెండ్ చేశారు. నన్ను మాత్రం టీమ్‌కి ఎథిక్స్ మీద 3 గంటల క్లాసు చెప్పమన్నారు. చేరిన రోజే అందరూ కోడ్ ఆఫ్ కాండక్ట్ మీద సంతకం పెట్టారు. ఏటా ఆన్‌లైన్ పరీక్ష రాసి పాసవుతూనే ఉన్నారు. మరి ఉద్యోగిని నియమానికి కట్టుబడేలా చేసేది ఏమిటి? పెంపకమా, భయమా, జీతమా? ఇంకో మాట. అతని అంకెలు మరీ బాగుంటున్నాయని 3 నెలలుగా చూస్తూనే ఉన్నాను. అడగలేదు.
(పేరు వద్దు)

సమాధానం: చివరి రెండు ముక్కలు ఏదో మూలన ఇరికించినట్టు రాశారు గానీ, నేను ముందు ఆగింది అక్కడే. మీరు అడగలేదన్న సంగతి మీ 18 మందికీ తెలుసమ్మా. టీమ్ లీడర్ ఏ అంకె చూసి మెచ్చుకుంటుంది, ఏ అంకె చూసి "ఇదెలా వచ్చింది?" అంటుంది అన్నది కిందివాళ్లు కోడ్ ఆఫ్ కాండక్ట్ కంటే శ్రద్ధగా చదువుకుంటారు. 3 నెలలపాటు ఆ అబ్బాయి పేరు బోర్డు మీద పైన ఉందంటే, ఆ 3 నెలలూ మీ ఫ్లోర్‌లో ఎథిక్స్ క్లాసు నడుస్తూనే ఉంది. పాఠమే వేరు.

దెప్పాలని అనడం లేదు. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నవాణ్నే. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ మూడు అనుమానాలు.

పెంపకానికి పాత్ర లేదనను. ఎక్కడ కూర్చోబెట్టినా వంకర పని చేయనివాళ్లు కొందరుంటారు, ఎక్కడ కూర్చోబెట్టినా చేసేవాళ్లూ కొందరుంటారు. మన తలనొప్పి ఈ రెండు రకాలతో కాదు, మధ్యలో ఉండే మిగతా అందరితో. మనిషిలో నైతిక ఆలోచన ఎలా ఎదుగుతుందన్న దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన లారెన్స్ కోల్‌బర్గ్ తేల్చిందేమిటంటే, పెద్దవాళ్లలో చాలామంది మంచిచెడులు నిర్ణయించుకునేది సొంత సూత్రాలతో కాదు. చుట్టూ ఉన్నవాళ్లు తమ నుంచి ఏం ఆశిస్తున్నారో, అక్కడ ఏ నియమం నిజంగా అమల్లో ఉందో చూసి. ఆ ఆలోచననే ఆఫీసుల్లోకి తెచ్చి లిండా ట్రెవినో 1986లో ఇంకో మాట కలిపారు. ఉద్యోగి నిర్ణయం అతని స్వభావం ఒక్కదాని నుంచే రాదు, అతను కూర్చున్న చోటు నుంచి కూడా వస్తుంది అని. మీవాడు ఇంట్లో నెమ్మదస్తుడే, మీ దగ్గరా నెమ్మదస్తుడే. హెడ్‌సెట్ పెట్టుకుని నెలాఖరు సాయంత్రం టార్గెట్‌కు 6 తక్కువలో ఉన్నప్పుడు ఏం చేస్తాడన్నది ఆ నెమ్మదితనం చెప్పదు. కాబట్టి "ఈసారి మంచి కుటుంబాల నుంచి తీసుకుందాం" లాంటి సలహా హెచ్‌ఆర్ నుంచి వస్తే నవ్వి ఊరుకోండి.

భయం పనిచేస్తుంది. అయితే శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే, పట్టుబడతామా లేదా అన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుంది. నేరాల మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్న మాట ఇది. మీ దగ్గర 41 నంబర్ల దాకా ఎవరూ కదల్లేదు. మొదటి నంబరు దగ్గరే ఎవరైనా వచ్చి "ఈ కాల్ ఒకసారి కలిసి విందామా?" అని ఉంటే రెండోది ఉండేది కాదేమో, సస్పెన్షన్ అవసరమూ వచ్చేది కాదేమో.

జీతం సంగతి కొంచెం తిరకాసు. 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఒకే కంపెనీకి చెందిన ఫ్యాక్టరీలను గమనించాడు. రెండుచోట్ల 10 వారాలపాటు జీతంలో 15 శాతం కోశారు. ఒకచోట పైవాళ్లు వచ్చి కూర్చుని, కోత ఎందుకు తప్పలేదో లెక్కలు ముందుపెట్టి వివరంగా చెప్పి, మాకూ బాధగానే ఉందన్నారు. రెండోచోట నాలుగు ముక్కల్లో తేల్చేసి వెళ్లిపోయారు. దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి, కానీ నాలుగు ముక్కలతో సరిపెట్టిన చోట బాగా ఎక్కువగా. అంటే డబ్బు తగ్గడం ఒక ఎత్తు, మమ్మల్ని మనుషులుగా లెక్కచేయలేదన్న కడుపుమంట ఇంకో ఎత్తు. మీది "కంపెనీ తరఫున నడిచే" సెంటర్ అన్నారు కదా, ఈ కడుపుమంట మీ దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఫోన్లో చెప్పేది ఒక కంపెనీ పేరు, జీతం చీటీ మీద ఉండేది ఇంకో కంపెనీ పేరు. టార్గెట్ పెట్టేది వాళ్లు, ఉద్యోగం పోయేది వీళ్లది. అలాంటి చోట "మన సంస్థ విలువలు" అన్న స్లైడు వేస్తే వెనక వరుసలో ఎవరో ఒకరు "మన అంటే ఎవరు?" అని గొణుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు.

ఇక అసలు సంగతి. టెలికాంలో తప్పు చేతికి తేలిగ్గా తగులుతుంది, బరువుండదు. ఒక పని తప్పుగా మనసుకు తట్టడానికి ఏమేం కావాలో థామస్ జోన్స్ 1991లో ఆరు అంశాలుగా రాశాడు. ఆరూ ఏకరువు పెట్టను, మీ ఫ్లోర్‌కు సరిపోయేవి మాత్రం చెబుతాను. నష్టం ఎంత పెద్దది, అది ఒక్కరి మీదే పడుతోందా పదిమందిలో చెదిరిపోతోందా, నష్టపోయే మనిషి మనకెంత దగ్గర, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని తప్పంటున్నారా. మీవాడి పనిని ఈ నాలుగింటితో తూచి చూడండి. ఒక్కో కస్టమర్ దగ్గర పోయేది చిన్న మొత్తం. అది 41 చోట్ల చెదిరింది. ఆ మనిషి అతనికి 4 నిమిషాల గొంతు మాత్రమే, ముఖం లేదు. పక్క సీటువాళ్లు తప్పన్నారా అంటే, లేదు. అదే అబ్బాయి దుకాణంలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ ముసలాయన జేబులోంచి అంతే డబ్బు తీయగలడా? చచ్చినా తీయడు. స్క్రీన్ మీద ఒక టిక్కు పెట్టడం అలా అనిపించదు, అంతే.

అనిపించకపోవడానికి "అందరూ చేసేదే కదా" అన్న మాట కూడా సాయం చేసింది. నమ్మి అప్పగించిన డబ్బు తినేసి జైలుకెళ్లినవాళ్లతో మాట్లాడి డొనాల్డ్ క్రెస్సీ 1953లో ఒక పుస్తకం రాశాడు. తర్వాతివాళ్లు దాన్ని మూడు మాటలకు కుదించారు: ఒత్తిడి, అవకాశం, తనకు తాను చెప్పుకునే సమర్థన. ఈ మూడోది పని అయ్యాక పుట్టే సాకు కాదు. చేయడానికి ముందే సిద్ధంగా ఉంటుంది, అదే తలుపు తీస్తుంది. ఆ మాట మీవాడి నోట అంత తడుముకోకుండా వచ్చిందంటే మీ ఫ్లోర్‌లో అది ఎప్పటి నుంచో తిరుగుతోందన్నమాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇప్పుడు ఎంతమంది భుజాలు తడుముకుంటారో మీకే బాగా తెలుసు.

చిన్నదాంతో మొదలైంది ఎక్కడిదాకా పోతుందో మన రంగంలోనే ఉంది. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ పతనం గురించి చెప్పేటప్పుడు అందరూ పై అధికారి పేరే ఎత్తుతారు. 2005లో బెర్నార్డ్ ఎబ్బర్స్‌కు 25 ఏళ్ల శిక్ష పడింది, నిజమే. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం అక్కడి అకౌంట్స్ విభాగంలో పనిచేసిన ఒక మధ్యస్థాయి ఉద్యోగిని. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే ఖర్చు పెరిగిపోతోంది. 2000లో, ఒక త్రైమాసికం లెక్కల్లో 82.8 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గించి చూపమన్నారు. ఆమెకు అది తప్పని తెలుసు. రాజీనామా ఉత్తరం కూడా రాసుకుంది. ఈ ఒక్కసారికే అన్నారు, ఇంకెప్పుడూ అడగబోమన్నారు. ఉత్తరం ఇవ్వలేదు. తర్వాతి త్రైమాసికంలోనూ అడిగారు. చివరికి ఆమెకు 5 నెలల జైలు, మరో 5 నెలల గృహ నిర్బంధం పడ్డాయి. ఆమె పెంపకంలో లోపమేమీ లేదు, ఇల్లు గడవాల్సిన మామూలు మనిషి. అదే కంపెనీ ఇంటర్నల్ ఆడిట్‌లో సింథియా కూపర్ ఉంది. 2002లో ఆమె బృందం రాత్రిళ్లు కూర్చుని ఆ లెక్కలు తవ్వి, మొదటి విడతలో 380 కోట్ల డాలర్ల తేడా బయటపెట్టింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద జీతం తీసుకున్నవాళ్లే. ఒకరు గొప్ప, ఒకరు నీచం అని నేను అనుకోను. ఒకరి దగ్గర 'ఇది తేడాగా ఉంది' అంటే వెంట నిలబడే టీమ్ ఉంది, అడిగే అధికారం ఉంది, నేరుగా బోర్డు ఆడిట్ కమిటీ దాకా వెళ్లే దారి ఉంది. ఇంకొకరికి ఉన్నది తన పై అధికారి ఒక్కడే, తప్పు చేయమన్నదీ అతనే.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ల కిందట, పేరు చెప్పను, ఒక కంపెనీ బిల్లింగ్ సెక్షన్‌లో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు జరిగిన పొరపాటుతో కొన్ని వేలమందికి ఒకరోజుకు సరిపడా ఫోన్ అద్దె ఎక్కువ పడింది. మా దగ్గర పనిచేసే ఒక కొత్త అమ్మాయి కనిపెట్టి, పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. పైకి రాశాను. "ఫిర్యాదు చేసినవాళ్లకు తిరిగిచ్చేయండి, మిగతావాళ్ల జోలికి పోవద్దు" అని జవాబొచ్చింది. ఒక్కొక్కరికీ పోయింది స్వల్పమే కదా, ఇంత దానికి గొడవెందుకు అనుకుని సంతకం పెట్టాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నేను అక్కడ మరో రెండేళ్లు ఉన్నాను, ఆ రెండేళ్లలో మా సెక్షన్ నుంచి ఎవరూ, ఒక్కరంటే ఒక్కరు, తప్పు లెక్క గురించి నా దగ్గరికి రాలేదు. లెక్కలు అంత బాగుపడ్డాయని మొదట్లో సంతోషించాను కూడా. ఎంత అమాయకత్వమో!

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఆ 41 మంది సంగతి. వాళ్లు ఫోన్ చేసే దాకా ఆగకుండా సర్వీసు తీసేసి, డబ్బు తిరిగి వేసి, ఎందుకు వేశామో మెసేజ్ పంపేలా చూడండి. అతన్ని సస్పెండ్ చేసి ఆ డబ్బు అలాగే ఉంచుకుంటే మీ టీమ్‌కు అర్థమయ్యేది ఒకటే: దొరకడం తప్పు, తీసుకోవడం తప్పు కాదు. ఎన్ని స్లైడులు వేసినా ఆ ముద్ర చెరగదు.

తర్వాత ఇన్సెంటివ్ షీటు. మీ దగ్గర అమ్మకాలు ఒక కాలమ్‌లో ఉంటాయి, రద్దులూ ఫిర్యాదులూ ఇంకెవరి రిపోర్టులోనో ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. యాక్టివేట్ అయిన 30 రోజుల్లోపు రద్దయినవన్నీ తీసేశాక ఎవరి అంకె ఎంతుంటుందో మీరే లెక్కేసుకోండి. అందులో మీ టాపర్ల క్రమం తారుమారైతే జబ్బు ఒక్కరిది కాదని తేలుతుంది. ఇన్సెంటివ్ ఆ తీసివేతల తర్వాతి అంకె మీదే ఇవ్వాలని పైకి రాయండి. ఒప్పుకోకపోవచ్చు. కనీసం మీ బోర్డు మీద రాసే అంకె మీ చేతిలోదే కదా, అక్కడ రద్దులు పోగా మిగిలిందే రాయండి. ఇంకో చిన్న విషయం, బయటివాళ్లకు కనిపించనిది. కాల్ అయ్యాక ఏజెంట్ ఎంచుకునే కోడ్‌ల జాబితా ఉంటుంది చూడండి, అందులో "కస్టమర్‌కు వివరంగా చెప్పాను, వద్దన్నారు" అన్నది ఎంచుకుంటే స్కోరు తగ్గుతోందా? తగ్గుతుంటే నిజం రాసినవాడికి రోజూ జరిమానా వేస్తున్నట్టే. మంచి చేయాలన్న ఉద్దేశం ఉన్నా, అది తన చేతిలో సాధ్యమేనన్న నమ్మకం లేకపోతే మనిషి ఆ పని చేయడని మనస్తత్వవేత్త ఐజెక్ ఐజెన్ సిద్ధాంతం ఎప్పటి నుంచో చెబుతోంది. ఆ నమ్మకం అనే పెద్దమాట మీ దగ్గర ఈ కోడ్‌ల జాబితాలో ఉంది.

అవకాశం మాట కూడా వదలకూడదు. ఇది అమ్మకాల కంటే ప్రమాదకరమైనది. మన చేతిలో జనం ఎవరితో మాట్లాడారో, ఎక్కడ ఉన్నారో ఉంటుంది. అమెరికా టెలికాం కంపెనీ ఎ.టి. అండ్ టి. కోసం పనిచేసిన మెక్సికో కాల్ సెంటర్‌లో 2013 నవంబరు నుంచి 168 రోజులపాటు ముగ్గురు ఉద్యోగులు బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని 68,000కు పైగా కస్టమర్ల ఖాతాల వివరాలు తెరిచి చూశారు. దొంగిలించిన ఫోన్లను అన్‌లాక్ చేయించుకోవడానికి ఆ వివరాలు పనికొచ్చాయి. కొలంబియా, ఫిలిప్పీన్స్ సెంటర్లలోనూ ఇలాంటివే బయటపడి బాధిత కస్టమర్లు మొత్తం దాదాపు 2,80,000 మంది దాకా తేలారు. కంపెనీ 2015లో 2.5 కోట్ల డాలర్లు కట్టింది. ఒక్క మెక్సికోలోనే లెక్కేస్తే రోజుకు వందల ఖాతాలు. ఏ కాల్‌కూ సంబంధం లేకుండా అన్ని ఖాతాలు తెరుచుకుంటుంటే అడిగే గంట ఎక్కడా మోగలేదు. మీ దగ్గర లంచ్‌కు వెళ్తూ పక్కవాడికి లాగిన్ వదిలి వెళ్లే అలవాటు ఉందా? ఉంటే ఈ రోజే ఆపించండి. అది నమ్మకం లేక పెట్టే ఆంక్ష కాదని కూడా చెప్పండి. రేపు ఎవరో డూప్లికేట్ సిమ్ ఇప్పించుకుని ఒకాయన బ్యాంకు ఖాతా ఊడ్చేస్తే, ఆ లాగిన్ పేరున్న అమాయకుడే ముందు బోనెక్కుతాడు.

కోడ్ ఆఫ్ కాండక్ట్ సంగతి అడిగారు. అంతకు ముందు 30 ఏళ్లలో వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2010లో కిష్-గెఫార్ట్, హారిసన్, ట్రెవినో ఒక పెద్ద పరిశీలన చేశారు. కోడ్ ఉందన్న ఒక్క కారణంతో నడవడికలో తేడా ఏమీ కనిపించలేదు. దాన్ని అమలు చేసిన చోట మాత్రం తేడా గట్టిగానే కనిపించింది. పెద్ద పెద్ద లంచాల కేసుల్లో దొరికిన మన రంగం కంపెనీలు, 2017లో 96.5 కోట్ల డాలర్లు కట్టిన టెలియా గానీ, 2019లో 100 కోట్లు దాటి కట్టిన ఎరిక్‌సన్ గానీ, కోడ్ లేక దొరికినవి కావు.

ఇక మీ 3 గంటలు. తప్పదంటే పెట్టండి, స్లైడులు మాత్రం వద్దు. పేర్లు తీసేసి మూడు కాల్స్ వినిపించండి. ఒకటి అబద్ధం చెప్పి అమ్మింది, ఒకటి నిజం చెప్పి పోగొట్టుకున్నది, ఒకటి ఏదో తేల్చుకోలేనిది. మూడోదాని మీదే ఎక్కువసేపు వాదులాడుకోనివ్వండి. తర్వాత ఒక్కొక్కరికీ తెల్లకాగితం ఇచ్చి "అబద్ధం ఆడకుండా అందుకోలేని టార్గెట్ ఏది?" అని మాత్రం రాయమనండి, పేరు వద్దనండి, వాళ్లు రాసేటప్పుడు మీరు గదిలో ఉండకండి. అంతకు ముందు, మొట్టమొదట, మీ మాట మీరు చెప్పండి: "3 నెలలు చూశాను, అడగలేదు, తప్పు నాది కూడా." గొంతు వణికినా ఫర్వాలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నప్పుడు మీ పిడికెడు మీరు ముందు పట్టుకుంటేనే మిగతావాళ్లు చేయి చాపుతారు.

వాళ్ల నోటి నుంచి నిజం రావాలంటే ఒక వెసులుబాటు కూడా కావాలి. సీమెన్స్‌లో లంచాల వ్యవహారం బయటపడినప్పుడు, అందులో టెలికాం పరికరాల విభాగం పీకల దాకా ఉంది, కంపెనీ 2007 అక్టోబరులో కింది, మధ్యస్థాయి ఉద్యోగులకు గడువు పెట్టి, ఆలోగా తెలిసింది చెప్పినవాళ్లను ఉద్యోగం నుంచి తీసేయబోమని చెప్పింది. పై అధికారులకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఈ రెండో ముక్క నాకు బాగా నచ్చుతుంది. మీరూ హెచ్‌ఆర్‌ను అడిగి చూడండి: 2 వారాలు గడువు, ఇలాంటి యాక్టివేషన్లు ఎవరైనా తామే వచ్చి చూపిస్తే డబ్బు వెనక్కి, ఉద్యోగం మీదికి రాకుండా. ఒప్పుకుంటే లిఖితపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద ఎవరికీ హామీ ఇవ్వకండి, తర్వాత మాట తప్పినవారు మీరే అవుతారు.

ఒకటి దాచకూడదు. రద్దులు తీసేసి లెక్కేస్తే మీ టీమ్ అంకె పడిపోతుంది. మీ మేనేజర్‌కు అది నచ్చదు. పక్క టీమ్ పాత పద్ధతిలోనే వెళ్లి ట్రోఫీ పట్టుకెళ్తుంది. ఒకటి రెండు నెలలు మీకు చేదుగానే ఉంటుంది. గొడవకు దిగొద్దు, ఉపన్యాసాలు ఇవ్వొద్దు. "ఈ టార్గెట్‌లో ఇంత శాతం 30 రోజుల్లో రద్దవుతోంది, ఇదే పద్ధతి కొనసాగించమంటారా?" అని మెయిల్‌లో అడగండి. నోటితో "కానిచ్చేయ్" అనే చాలామంది అదే మాట రాతలో పెట్టడానికి జంకుతారు. రాతలోనూ కొనసాగించమంటే, మీరు ఎక్కడ పనిచేస్తున్నారో తెలిసినట్టే. అప్పుడు వేరేచోట వెతుక్కోవడంలో తప్పు లేదు.

ఆ అబ్బాయి గురించి మీరు సూటిగా అడగలేదు గానీ ఉత్తరమంతా అతనే ఉన్నాడు. కాపాడాలని చూడకండి, 41 మందికి జవాబు చెప్పాల్సిందే. విచారణలో మాత్రం అతను "అందరూ" అన్న మాటను మీరు మింగేయొద్దు. అలా అన్నాడని, ఆ అంకెలు మీరూ చూశారని మీ వాంగ్మూలంలో రాయండి. అతన్ని తిరిగి తీసుకుంటే మొదటి వారం సేల్స్ కాల్స్ ఇవ్వకుండా, డబ్బు తిరిగి వేసిన ఆ 41 నంబర్లకూ ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కునే పని అప్పగించండి. పక్కనే కూర్చుని మొదటి నాలుగైదు కాల్స్ మీరూ వినండి.